బియ్యం ముట్టని నెలలు

నాకు మొదటినుంచీ నోరెక్కువ. పుట్టింట్లో అన్నారు, అత్తవారింట్లో అన్నారు, ఇప్పుడు నా కూతురూ అంటోంది. ఎవరెన్ని అన్నా దులిపేసుకున్నాను. కానీ ఆ నోటితో ఒక ఉదయం మా అమ్మను అన్న మాట మాత్రం ఇన్నేళ్లయినా నన్ను వదల్లేదు. అది చెప్పాలంటే ముందు నేను అన్నం మానేసిన సంగతి చెప్పాలి.

ఉప్పెన వచ్చిన మరుసటి ఏడాది. బందర్లో రెండు గదుల అద్దె ఇంట్లో ఉండేవాళ్లం. మా ఆయన గుమాస్తా. నాకు మూడోసారి నెల తప్పింది. అంతకుముందు రెండు కాన్పులూ దక్కలేదు. మొదటిది కోడూరు దగ్గర మా పుట్టింట్లో, రెండోది గుడివాడలో అత్తగారింట్లో. ఇద్దరూ మగపిల్లలు. నెలలు నిండి, బొద్దుగా, నల్లటి జుట్టుతో పుట్టారు. ఇద్దరిలో ఒక్కడూ ఏడవలేదు. చూసినవాళ్లంతా "ఎంత పెద్ద పిల్లాడమ్మా" అని ముక్కున వేలేసుకున్నారే గాని, అంత పెద్దగా ఎందుకున్నాడని ఒక్కరూ అడగలేదు.

అడిగింది బందరు డాక్టరమ్మే. మూత్రం పరీక్ష చేయించి, నన్ను ఎదురుగా కూర్చోబెట్టి చెప్పింది. "నీకు కడుపుతో ఉన్నప్పుడు షుగరు వస్తోందమ్మా. అందుకే బిడ్డలు అంత లావయ్యారు, అందుకే పోయారు. ఈ బిడ్డ కావాలంటే నోరు కట్టుకోవాలి." మొదట అన్నం మాని గోధుమ రొట్టెలు తినమంది. పదిహేను రోజులు తిన్నాను, షుగరు దిగలేదు. అప్పుడిక బియ్యం, గోధుమ, జొన్న, రాగి, అసలు గింజ అన్నదే వద్దంది. గుడ్లు, చేపలు, మాంసం, ఆకుకూరలు, పెరుగు. ఇంట్లో నీ చేత్తో వండుకో, బయటి చేతివంట నమ్మకు అంది. దానికీ లొంగకపోతే ఇంజక్షన్లంది.

ఇంటికొచ్చి బియ్యం డబ్బా పక్కింటి బూబమ్మగారికి ఇచ్చేశాను. మా ఆయన మధ్యాహ్నం హోటల్లో భోంచేసి, అక్కడ ఏం తిన్నాడో నా ముందు నోరెత్తకుండా ఉండేవాడు, పాపం. రోజూ పొద్దున్నే షుగరు చూడటానికి స్పిరిటు దీపం వెలిగించి, గాజు గొట్టంలో నీలం మందు పోసి, నా మూత్రం ఎనిమిది చుక్కలు వేసి కాచేవాళ్లం. నీలంగానే ఉంటే ఆ రోజు పండగ. ఆకుపచ్చ అయితే పర్వాలేదు. పసుపు తిరిగితే ఇద్దరం మాట్లాడుకోకుండా టీ తాగేవాళ్లం, చక్కెర లేకుండా.

అన్నం మానడం అంటే ఆకలి అనుకున్నాను. అసలు కష్టం ఆకలి కాదు, అన్నం లేకుండా తినే వంటే నాకు రాదని తెలిసింది. మన కూరలన్నీ అన్నంలో కలుపుకోవడానికి పుట్టినవి. ఉత్త కూర తింటే నోరు భగ్గుమంటుంది, ఉత్త పులుసు తాగితే పళ్లు పులిసిపోతాయి. ఉప్పు, కారం, చింతపండు అన్నీ సగానికి సగం తగ్గించి మళ్లీ మొదటినుంచీ వంట నేర్చుకున్నాను. గిలకలదిండి రేవు నుంచి వచ్చే చందువా చేపలు పెనం మీద కాల్చుకునేదాన్ని. బూబమ్మగారు ఎముకల చారు కాయడం నేర్పింది. "అన్నం లేదని ఏడవకు తల్లీ, ఎముకలో బలం ఉంది, తాగు" అని గ్లాసు చేతిలో పెట్టేది. ఉడికిన గుడ్డు చిదిమి, తోటకూర పులుసు పోసి, అన్నంలాగా కలుపుకుని చూశాను ఒకసారి. వేళ్లు మోసపోలేదు. ఆ కంచం ముందు కూర్చుని ఏడ్చాను.

ఆరో నెలలో మా అమ్మ దిగింది, స్టీలు డబ్బా నిండా చలిమిడితో. తడి బియ్యప్పిండి, బెల్లం పాకం. కడుపుతో ఉన్న కూతురికి చలిమిడి పెడితే కడుపు చల్లగా ఉంటుందని మా వైపు నమ్మకం. విషయమంతా చెప్పాను. విన్నది. విని కూడా డబ్బా మూత తీసి నా ముందు పెట్టింది.

"గోరంత నోట్లో వేసుకో. గోరంతకి ఏమవుద్ది?"

"అమ్మా, ఇంకో బిడ్డని పూడ్చిపెట్టే ఓపిక నాకు లేదు."

మూత పెట్టేసింది. ఆ సాయంత్రం వీధిలో ఇంటింటికీ పంచి వచ్చింది. కానీ ఊరుకోలేదు. "ఉప్పెన పోయాక మూణ్ణెల్లు లారీల్లో వచ్చిన రొట్టెలు తిన్నామే. మీ నాన్న నిద్దట్లో కూడా అన్నం అన్నం అనేవాడు. చేలో ఉప్పు దిగి గింజ పండలేదు. ఇప్పుడు చేతికందాక వద్దనడం ఏంటే? మహాపాపం" అనేది. నాకు కోపం వచ్చేది, నవ్వూ వచ్చేది. అయినా వంటలో నాకు సాయం చేసింది. నేను చెప్పిన కొలతే వేసింది. "పులుసు నీళ్లలాగుంది, చెంచాడు పిండి కలిపితే ఎంత బాగుండేదో" అని గొణిగేది, అంతే.

ఏడో నెల వెళ్తుండగా గాజు గొట్టం రంగు మారింది. వరసగా మూడు రోజులు నారింజ రంగు. నేను తిన్నది అవే గుడ్లు, అవే చేపలు, అవే ఆకుకూరలు. నాలుగో రోజు అన్నిటికంటే చెడ్డదైన ఇటుక రంగు వచ్చింది. వంటింట్లోకి వెళ్లి పిచ్చిదానిలా డబ్బాలన్నీ దించాను. చింతపండు జాడీ వెనకాల కాగితం పొట్లం దొరికింది. విప్పితే బియ్యప్పిండి.

అదే సమయానికి మా అమ్మ వాకిట్లోంచి లోపలికొచ్చింది. వేళ్లకు తెల్లగా పిండి అంటుకుని ఉంది.

"ఇదేంటి?" అన్నాను.

"బియ్యప్పిండే. ముగ్గుకి."

"ముగ్గురాయి ఉండగా బియ్యప్పిండి ఎందుకు?"

"చీమలకే. కడుపుతో ఉన్న మనిషి గింజ ముట్టకుండా ఉంటే ఎట్టా అని, నీ పేరు చెప్పి చీమలకన్నా పెడుతున్నా. అవి తింటే నీ బిడ్డకి పుణ్యం."

"మరి దాచడం ఎందుకు?"

"నువ్వు అరుస్తావని."

నేను నమ్మలేదు. పులుసులో కలిపావన్నాను. "లేదే, నీ మీద ఒట్టు" అంది. నా మీద ఒట్టు పెట్టొద్దన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. మొదటి కాన్పుకు తొమ్మిది నెలలూ తన దగ్గరే ఉన్నాను. రెండోసారి కూడా పుట్టింటికి తీసుకెళ్లి, రెండు నెలలు నెయ్యీ బెల్లమూ వేసి ముద్దలు కలిపి నా నోట్లో పెట్టింది. అదంతా గుర్తుకొచ్చి అనేశాను. "ముందు ఇద్దర్నీ మింగింది నీ చేతి ముద్దలే. దీన్నన్నా బతకనియ్యవా?"

మా అమ్మ పెరట్లో కుళాయి దగ్గరకు వెళ్లి చేతులు కడుక్కుంది. లోపలికొచ్చి సంచి సర్దుకుంది. మా ఆయన బతిమాలాడు, "అత్తయ్యగారూ, తన మాటలు మీకు కొత్తా, ఆగండి" అని. "ఇంటి దగ్గర పనుంది బాబూ" అంది. ఆయనే తీసుకెళ్లి కోడూరు బస్సెక్కించి వచ్చాడు.

నాలుగో నాడు డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. మా అమ్మ మీద ఫిర్యాదు చేసినట్టే చెప్పాను, పిండి కలిపిందండీ అని. ఆవిడ కళ్లజోడు తీసి నవ్వింది. "చెంచాడు పిండికి ఇటుక రంగు రాదమ్మా. నెలలు పైబడేకొద్దీ ఈ షుగరు దానంతటదే పెరుగుతుంది. నువ్వు గాలి తిన్నా పెరుగుతుంది. ఇక ఇంజక్షన్ వేసుకోవాల్సిందే." మా ఆయన నా వైపు చూశాడు. నేను గోడ మీది క్యాలెండర్ చూశాను.

ఇంటికొచ్చేసరికి గుమ్మం ముందు సిమెంటు పగుళ్లలో మిగిలిన పిండిని చీమలు మోసుకుపోతున్నాయి. వాటిని తొక్కకుండా దాటి లోపలికి వెళ్లాను.

ఆ రోజే ఉత్తరం రాయాల్సింది. రాద్దామనే కార్డు తీసుకుని కూర్చున్నాను. "అమ్మకు నమస్కారాలు" అని రాశాను. తర్వాతి మాట రాలేదు. తిట్టమంటే నాకు కార్డంతా చాలదు, తప్పు నాదని చెప్పమంటే ఒక్క అక్షరం పడదు. కాన్పయ్యాక మొహం చూసి చెబుదాంలే అనుకున్నాను. మా ఆయన రెండుసార్లు గుర్తుచేశాడు. రెండోసారి ఆయన మీద కూడా అరిచాను.

మిగిలిన నెలలు ఇంజక్షన్లతో, కాల్చిన చేపలతో గడిచాయి. డాక్టరమ్మ నెలలు పూర్తిగా నిండనివ్వకుండా ఆపరేషన్ చేసింది. ఆడపిల్ల. చిన్నగా, ఎర్రగా ఉంది. ఏడ్చింది. అమ్మా, ఆ ఏడుపు! ఆసుపత్రి కప్పు ఎగిరిపోతుందేమో అనుకున్నాను. అది ఏడుస్తుంటే నేను నవ్వుతూ ఏడ్చాను.

మూడో రోజు మా అమ్మ చూడటానికొచ్చింది. గది తలుపు దగ్గరే నిలబడింది. ఎత్తుకో అంటే "జలుబు చేసిందే, పసిదానికి అంటుద్ది" అంది. మొహంలో జలుబు ఏమీ లేదు. ఓహో, ఇంకా పంతం దిగలేదన్నమాట అనుకున్నాను. నాకూ పౌరుషం వచ్చింది. చెప్పాలనుకున్నది మింగేశాను.

పాపకు అయిదో నెలలో అన్నప్రాసన పెట్టుకున్నాం. గుడివాడ నుంచి అత్తగారు వచ్చింది, బూబమ్మగారు వచ్చింది, మా అమ్మా వచ్చింది. వెండి గిన్నెలో పరమాన్నం తెచ్చి పీట ముందు పెట్టాం. మా అత్తగారు, మామూలుగా ఆవిడ దేన్నీ ఎవరికీ వదిలిపెట్టదు, ఆ రోజు మాత్రం "వదినగారూ, మీ కూతురు పడిన కష్టానికి మొదటి ముద్ద మీరే పెట్టాలి" అంది. మా అమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. "నా చెయ్యి వద్దులెండి" అని వంటింట్లోకి వెళ్లిపోయింది.

నాకు ఒళ్లు మండింది. ఇంతమందిలో నన్ను సాధిస్తావా అనుకుంటూ వెనకాలే వెళ్లాను. వెళ్లేసరికి తను పొయ్యి పక్కన నిలబడి అరచేతుల్ని చీరకు తుడుచుకుంటోంది. అవి పొడిగానే ఉన్నాయి.

"ఇంకా ఎన్నాళ్లు ఈ పంతం?" అన్నాను.

"పంతం కాదే" అంది. "ఆ రోజుల్లో ఎప్పుడన్నా ముగ్గు పిండి చేత్తోనే పులుసు కలిపానేమో. కడుక్కున్నాననే అనుకుంటున్నా. ఎంత తలుచుకున్నా గుర్తు రావడం లేదు. ఇద్దరు మగపిల్లల్ని తినేసిన చెయ్యి. దీని నోటి దగ్గరికి ఎట్టా తేనే?"

నేను అప్పుడు నోరు విప్పాను. అంతా చెప్పాను. పిండి వల్ల కాదని, షుగరు దానంతటదే పెరిగిందని, ముందు పిల్లలు పోయింది కూడా తన ముద్దల వల్ల కాదని, నా ఒంట్లో ఉన్న రోగం వల్లేనని.

"డాక్టరమ్మ ఎప్పుడు చెప్పింది?"

"నువ్వెళ్లిన నాలుగో నాడు."

మా అమ్మ వేళ్ల మీద నెలలు లెక్కపెట్టుకుంది. ఆరు దాటి ఏడో వేలు దగ్గర ఆగింది. నన్ను తిట్టలేదు. తిడుతుందని, తిట్టాలని ఎదురుచూశాను.

"ఇన్నాళ్లు నేను ఎవరికీ అన్నం వడ్డించలేదే" అంది. "మీ నాన్న తనే పెట్టుకుని తింటున్నాడు."

హాల్లోంచి ముహూర్తం దాటిపోతోందని మా అత్తగారు కేకేసింది. రా అమ్మా, నువ్వే పెట్టు, నీ కాళ్లు పట్టుకుంటాను అన్నాను. వచ్చింది. పీట ముందు కూర్చుంది. గిన్నె దాకా చెయ్యి చాచింది. అంతలోనే చెయ్యి వెనక్కి తీసుకుని, నా వైపు చూసి, తల అడ్డంగా ఊపింది.

పాపకు మొదటి ముద్ద నేనే పెట్టాను. అది చప్పరిస్తూ నవ్వింది, అందరూ చప్పట్లు కొట్టారు. మా అమ్మ కూడా నవ్వింది. చేతులు మాత్రం కొంగు కిందే ఉంచుకుంది.