తల వంచుకుని నేర్పిన దారి

జనవరిలో ఒక ఉదయం, బయట డ్రైవ్‌వే మీద మంచు గడ్డకట్టి ఉండగా, మేం ముగ్గురం డైనింగ్ టేబుల్ చుట్టూ కూర్చుని వేసవి కోసం పోటీ పడ్డాం. వయోమింగ్‌లో, గ్రాండ్ టీటన్ కొండల కింద, సరస్సు పక్కన టెంట్ వేసుకోవడానికి ఒక చోటు కావాలి. అలాంటి చోట్లకి నెలల ముందే బుకింగ్ తెరుస్తారు, తెరిచిన కాసేపటికే అన్నీ అయిపోతాయి. మా ఆయన ఒక లాప్‌టాప్ ముందు, నేను ఇంకో లాప్‌టాప్ ముందు ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాం. మా ఇద్దరి స్క్రీన్ల మీదా చక్రం తిరుగుతూనే ఉంది.

"గాట్ ఇట్," అంది మా అమ్మాయి, ఫోన్ లోంచి తల ఎత్తకుండానే.

ఆ ట్రిప్ మీద ఆసక్తి లేని మనిషికే చోటు దొరికింది. అమ్మాయికి పదిహేడేళ్ళు. ఆగస్టులో కాలేజీకి వెళ్ళిపోతుంది. అందుకే ఈ ప్రయాణం అని మేమిద్దరం ఎప్పుడూ పైకి అనుకోలేదు. ఆయన మాత్రం ఆ చలికాలమంతా అదే ధ్యాసలో ఉన్నారు. మేముండే ఫార్మింగ్టన్ హిల్స్‌లో చాలామందిలాగే ఆయనదీ కార్ల కంపెనీలో ఉద్యోగం. కారులో ఏ చప్పుడు ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టి తగ్గించడం ఆయన పని. ఇంట్లో ఫ్యాన్ కొంచెం తేడాగా తిరిగినా ఆయనకి నిద్ర పట్టదు. అలాంటి మనిషి, రెండు వారాలు ఏ మోటారు చప్పుడూ వినపడని చోట ఉండాలని ఆశపడ్డారు.

మార్చిలో కొత్త టెంట్‌ని బేస్‌మెంట్‌లో వేసి చూశాం. పైకప్పు తగిలి టెంట్ ఒకవైపు ఒరిగిపోయింది. ముగ్గురం లోపల పక్కపక్కన పడుకుని చూసుకున్నాం. అమ్మాయి మధ్యలో ఉండి, "సో దిస్ ఈజ్ ఇట్? టూ వీక్స్?" అంది. ఎలుగుబంట్ల భయంతో అక్కడ వాసన వచ్చే ప్రతి వస్తువునీ రాత్రుళ్ళు ఇనుపపెట్టెలో పెట్టి తాళం వేయాలట. అన్నమే కాదు, టూత్‌పేస్ట్ కూడా. ఆవకాయ, కందిపొడి, ఇంగువ, కొబ్బరినూనె అన్నీ ఒకచోట చేర్చి చూశాను. మా ఇంట్లో వాసన లేనిది ఏముందా అని ఆలోచించాల్సి వచ్చింది.

మే నెలాఖరున ఒక సాయంత్రం ఆయన ఆఫీసు నుంచి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా మెట్ల మీద కూర్చుండిపోయారు.

"కుడి కంట్లో ఓ పక్కన తెర దిగినట్టు ఉంది," అన్నారు. "పొద్దున చిన్నగా ఉంది. ఇప్పుడు సగం వరకూ వచ్చింది."

అది కంటి లోపలి పొర, రెటీనా, ఊడిపోవడం. మర్నాడే ఆపరేషన్ చేశారు. ఊడిన రెటీనా తిరిగి అతుక్కునేదాకా దాన్ని నొక్కి పట్టి ఉంచడానికి కంటి లోపల ఒక గ్యాస్ బుడగ పెట్టారు. బుడగ పైకి తేలుతుంది కాబట్టి, అది కంటి వెనక గోడకి ఆనుకుని ఉండాలంటే ఆయన కొన్నాళ్ళు ముఖం నేలవైపు పెట్టుకునే ఉండాలి. తినేటప్పుడూ, నడిచేటప్పుడూ, నిద్రలోనూ అంతే. అది అర్థమైంది. వచ్చేముందు నేను ఊరికే, మాట వరసకి, జూలైలో కొండలకి వెళ్ళాలనుకుంటున్నామని చెప్పాను. డాక్టరు రాస్తున్నదల్లా ఆపేసి మావైపు తిరిగింది. బుడగ కరిగేదాకా విమానం ఎక్కకూడదు, కొండలు ఎక్కకూడదు అంది. ఎత్తుకి వెళ్ళేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది, లోపలి బుడగ ఉబ్బుతుంది, చూపు పూర్తిగా పోవచ్చు. కరగడానికి రెండు నెలలైనా పట్టొచ్చు, ఏ రోజుకి కరుగుతుందో ఎవరూ చెప్పలేరు.

ఇంటికి వచ్చాక, ముఖం ఆనించుకోవడానికి గుండ్రటి దిండు అమర్చిన కుర్చీ ఒకటి అద్దెకి తెచ్చాం. ఆయన అందులో ముందుకి వంగి కూర్చుంటే, దిండు మధ్య ఖాళీ లోంచి కార్పెట్ ముక్క ఒకటి మాత్రం కనిపిస్తుంది. రోజంతా అదే లోకం.

"టెంట్ సైట్ క్యాన్సిల్ చేసేస్తాను," అన్నాను ఆ ఆదివారం.

"ఎందుకు? మీరిద్దరూ వెళ్ళండి," అంది దిండు లోంచి ఆయన గొంతు.

"నేనా? హైవే మీదా?"

ఈ సంగతి ఇక్కడ చెప్పాలి. ఈ దేశం వచ్చిన మొదటి శీతాకాలంలో నేను ఒకసారి హైవే ఎక్కాను. పక్కనుంచి వెళ్ళిన ట్రక్కు బురదనీళ్ళు చిమ్మి అద్దం మొత్తం కప్పేసింది. వైపర్ ఎక్కడుందో చేతికి తట్టలేదు. ఎలాగో పక్కకి తీసి ఆపి, ఆయన వచ్చేదాకా అలాగే కూర్చున్నాను. ఆ తర్వాత మళ్ళీ ఎక్కలేదు. ట్వెల్వ్ మైల్ రోడ్డు, ఆర్చర్డ్ లేక్ రోడ్డు, కూరగాయల కొట్టు, స్కూలు, గుడి, వీటి మధ్య సిగ్నల్స్ దగ్గర ఆగుతూ నా జీవితం బాగానే సాగిపోయింది. దూరం వెళ్ళాలంటే ఆయన ఉన్నారు.

"ఐ కెన్ డ్రైవ్ ద హోల్ థింగ్," అంది అమ్మాయి. తనకి లైసెన్స్ వచ్చి ఏడాది కూడా కాలేదు.

"ఒక్కదానివే కాదు. ఇద్దరు డ్రైవర్లు ఉండాలి," అన్నారాయన. "మీ అమ్మకి నేను నేర్పిస్తా."

"మీరు తలే ఎత్తకూడదు. ఎలా నేర్పిస్తారు?"

"తలతో పనేంటి? చెవులున్నాయిగా."

నేను ఒప్పుకోలేదు. ఆపరేషన్ అయిన మనిషిని ఇంట్లో వదిలేసి విహారానికి వెళ్ళడమేంటని గట్టిగానే అన్నాను. అమ్మాయి నాతో వాదించలేదు. గదిలోకి వెళ్ళి, ఆయన కొన్న పెద్ద కాగితం మ్యాప్ తెచ్చి, కుర్చీ కింద కార్పెట్ మీద పరిచింది. పరిచి, తను కూడా పక్కన బోర్లా పడుకుంది. అంతవరకూ ఆ మ్యాప్ వైపు అది కన్నెత్తి చూడలేదు.

"సో నాన్నా, షికాగో తర్వాత ఏంటి?"

ఆయన మంచి కంటితో చూస్తూ, కాలి బొటనవేలితో దారి చూపించడం మొదలుపెట్టారు. విస్కాన్సిన్, మినెసోటా, సౌత్ డకోటా. ఎక్కడ ఆగాలి, ఎక్కడ గాలి ఎక్కువ, ఏ ఊరు దాటాక పెట్రోలు బంకులు తక్కువ. రోజూ స్కూలు నుంచి రాగానే అమ్మాయి ఆ కుర్చీ కిందకి చేరేది. వంటింట్లో నాకు వాళ్ళ మాటలు వినపడేవి. చిన్నప్పుడు ఎప్పుడో మానేసిన తెలుగు మళ్ళీ మాట్లాడుతోంది. "ఇక్కడ మనం స్టాప్ చేస్తాం, అక్కడ నువ్వు... ఐ మీన్, మేము స్టాప్ చేస్తాం," అని తప్పు దిద్దుకోవడం విన్నాను. ఆ రోజు పప్పు కుక్కర్‌లో పెట్టి, విజిళ్ళు లెక్కపెట్టడం మర్చిపోయాను. మర్నాడు ఆయనతో, "సరే, ఎప్పుడు మొదలుపెడదాం?" అన్నాను.

ఆదివారం పొద్దున్నే, రోడ్లు ఖాళీగా ఉన్నప్పుడు, ఐ-96 హైవే ఎక్కాం. నేను స్టీరింగ్ దగ్గర, ఆయన పక్క సీటులో గడ్డం ఛాతీకి ఆనించి, అమ్మాయి వెనక. హైవే మీదకి ఎక్కించే ర్యాంప్ మలుపు తిప్పడం మొదలుపెట్టాను.

"ఎంతలో వెళ్తున్నావు?"

"యాభై."

"లేదు, నలభైఐదు కూడా లేదు. టైర్లు చెప్తున్నాయి. నొక్కు. ఇంకా నొక్కు. ఇండికేటర్ చప్పుడు రాలేదేం?"

వేశాను.

"ఇప్పుడు నువ్వే చూసుకో. నాకేం కనపడదు."

నేను అద్దంలో చూశాను, భుజం మీదుగా చూశాను. ఒక లారీ వెళ్ళింది. దాని వెనక ఖాళీ ఉంది. దూరాను. కాసేపటికి టైర్ల చప్పుడు సాఫీగా, ఒకే శ్రుతిలో పడింది. "ఆఁ, అదీ," అన్నారాయన నేలతో మాట్లాడుతున్నట్టు.

పెళ్ళయిన కొత్తలో ఆయన నాకు డ్రైవింగ్ నేర్పించినప్పుడు ఇలా లేదు. నా పక్కన కూర్చుని, లేని బ్రేకు తొక్కేవారు. ఎదుటి కారు లైటు ఎర్రబడగానే పళ్ళ మధ్య నుంచి ఊపిరి పీల్చేవారు. ఆ చప్పుడు వినపడగానే నేనేదో తప్పు చేశానని బిగుసుకుపోయేదాన్ని. ఇన్నేళ్ళూ నేను రోడ్డుకి భయపడ్డానా, ఆయన భయానికి భయపడ్డానా అన్నది నాకే తేలలేదు. ఇప్పుడు చూడ్డానికి ఆయనకి వీల్లేదు. ముగ్గురి ప్రాణాలూ నా చేతిలో పెట్టి, తన కాళ్ళవైపు చూసుకుంటూ కూర్చున్నారు. ఒకసారి పక్కకి చూస్తే, ఆయన చేయి తలుపు పిడిని పట్టుకుని వేళ్ళు తెల్లబడి ఉన్నాయి. గొంతులో మాత్రం ఆ భయం ఏమీ లేదు. ఆ గొంతు అలా ఉంచడానికి ఆయన ఎంత కష్టపడ్డారో ఇప్పుడు అనిపిస్తుంది.

తల ఎత్తుకోవచ్చన్నాక కూడా బుడగ పోలేదు. గ్లాసులో సగం నీళ్ళున్నట్టు కంటి ముందు ఒక గీత ఊగుతూ ఉంటుందని చెప్పేవారు. రోజూ పొద్దున్నే కిటికీ దగ్గర నిలబడి అది ఎంత దిగిందో చూసుకునేవారు. మేమూ అడిగేవాళ్ళం. బయలుదేరే ముందు వారం చెకప్‌కి వెళ్ళినప్పుడు, డాక్టరు చాలాసేపు చూసి, ఇంకా ఉంది అంది. ఇంటికి వచ్చి, గరాజ్‌లో పేర్చి ఉన్న సామానులోంచి ఆయన తన స్లీపింగ్ బ్యాగ్ తీసి, లోపల అల్మారాలో పెట్టారు. నేను చూస్తున్నానని తెలిసి, "బరువు తగ్గుతుందిలే," అన్నారు.

పక్క వీధిలో ఉండే తెలుగావిడ, మా అమ్మాయికి చిన్నప్పటి నుంచీ తెలిసిన ఆంటీ, ఆయనకి కూరలు పంపిస్తానని, చెకప్‌కి తీసుకెళ్తానని మాటిచ్చింది. మేం బయలుదేరుతుంటే ఆయన డ్రైవ్‌వే చివర నిలబడి, చేయి ఊపకుండా, ఇంజన్ చప్పుడు సరిగ్గా ఉందో లేదో వింటున్నారు.

షికాగో నేనే దాటించాను. సౌత్ డకోటాలో గాలి కారుని పక్కకి తోస్తుంటే అమ్మాయి నడిపింది, నేను పక్కన కూర్చుని నా కాలిని అదుపులో పెట్టుకున్నాను. మా ఇద్దరికీ ఎక్కువ మాటలు లేవు. ఏదో ఒక ఊరిలో ఆగి పెరుగన్నం తినడం, మళ్ళీ ఎక్కడం. మధ్యమధ్యలో అది, "నాన్న ఇక్కడ టర్న్ తీసుకోమన్నారు," అని గుర్తుచేసేది.

వయోమింగ్‌లో కొండలు మొదలయ్యాయి. రోడ్డు మెలికలు తిరుగుతూ పైకి ఎక్కుతుంటే చెవులు మూసుకుపోయాయి. కనుమ పైన, ఎత్తు రాసిన బోర్డు దగ్గర కారు ఆపాను. ఆకలేస్తోందని అమ్మాయి వెనక సీటు మీదున్న సంచీలో చేయి పెట్టి, ఇండియన్ స్టోర్‌లో కొన్న చేగోడీల ప్యాకెట్ బయటికి తీసింది. ఇంటి దగ్గర మెత్తగా, ముడతలుపడి ఉన్న ప్యాకెట్ అది. ఇప్పుడు బంతిలా ఉబ్బి, వేలు పెట్టి నొక్కినా లొంగనంత గట్టిగా ఉంది. అంచులు చీలడానికి సిద్ధంగా ఉన్నాయి.

అమ్మాయి దాన్ని రెండు చేతుల్లో పట్టుకుని చూస్తూ ఉండిపోయింది. ఆ డాక్టరు చెప్పినదంతా విన్నాం, తల ఊపాం, నమ్మాం. అయినా లోపల్లోపల, కొంచెం జాగ్రత్త కోసం చెప్పి ఉంటుందిలే, తీసుకొస్తే ఏమయ్యేది అని నేను అనుకోకపోలేదు. అమ్మాయి కూడా అలాగే అనుకుని ఉంటుంది.

"హి వాంటెడ్ టు కమ్, అమ్మా," అంది. "లాస్ట్ వీక్ నన్ను అడిగారు. డాక్టరుకి చెప్పకుండా వచ్చేస్తే ఏమవుతుంది అని. నేను నో చెప్పాను. ఆయన నాతో ఒక రోజంతా మాట్లాడలేదు."

అలా అని, ప్యాకెట్ ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. ఆయన కంటి సంగతి తెలిసినప్పటి నుంచీ అది ఏడవడం నేను చూడలేదు. ఆపరేషన్ రోజున కూడా హాస్పిటల్లో నాకు కాఫీ తెచ్చిపెట్టింది గాని, ఏడవలేదు. నేను సీట్‌బెల్ట్ విప్పి దగ్గరికి జరిగాను. ఇంత బరువు దాని మీద పడిందని నాకు తెలియదు. మ్యాప్ పక్కన పడుకుని ఆయనతో దారి మాట్లాడిన పిల్లే, ఆయన్ని రావద్దని కూడా చెప్పాల్సి వచ్చింది.

"మంచి పని చేశావు," అన్నాను.

సరస్సు పక్కన టెంట్ వేసుకునేసరికి సాయంకాలమైంది. ఎదురుగా కొండలు, ఎవరో నిలువునా కోసి నిలబెట్టినట్టు, మంచు చారలతో, నీళ్ళకి అంత దగ్గరగా ఉన్నాయి. నేను ఫోటోల్లో చూసి సిద్ధపడి వచ్చాను గాని, సరిపోలేదు. అమ్మాయి మేకులు దిగ్గొట్టడం ఆపి చూసింది. ముగ్గురం చూడాల్సినదాన్ని ఇద్దరం చూస్తున్నందుకు నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియదు. ఆ కోపం ఉండగానే ఆ దృశ్యం అందంగానూ ఉంది. రెండూ ఒకేసారి ఉండొచ్చని అప్పటిదాకా అనుకోలేదు.

మర్నాడు, సిగ్నల్ ఉన్న కొట్టు దాకా వెళ్ళి ఆయనకి ఫోన్ చేశాం. కనుమ మీద సంగతి ముందు నేనే చెబుదామనుకున్నాను. కానీ అమ్మాయి ఫోన్ అందుకుని, "నాన్నా, ఐయామ్ నాట్ సారీ," అంది. అవతల ఆయన నవ్వడం నాకు కూడా వినపడింది. "వద్దులే," అన్నారు. "నువ్వు చెప్పిందే రైటు."

మేం తిరిగి వచ్చిన తర్వాతి వారం ఒక పొద్దున ఆయనకి బుడగ కనపడలేదు. చూపు చాలావరకు వచ్చింది, అంచుల్లో కొంచెం వంకర మిగిలింది. గీతలు సూటిగా కనపడవంటారు. అమ్మాయి కాలేజీకి వెళ్ళిపోయింది. దాన్ని తీసుకురావడానికీ దింపడానికీ నేనే వెళ్తాను, వర్షం పడినా సరే. ముగ్గురం కలిసి ఆ కొండలకి ఇంకా వెళ్ళలేదు. ఈ ఏడు అమ్మాయికి ఇంటర్న్‌షిప్ ఉంది, పై ఏడు ఏముంటుందో. జనవరి వచ్చినప్పుడు ఆయన, "బుకింగ్ తెరుస్తారేమో చూడనా?" అన్నారు. చూడండి, అన్నాను.