పిల్లకి పడని ఉగ్గు

నా పెద్దకూతురికి ఉగ్గు మొదలుపెట్టిన ఏడాది మా ఇంట్లో రోజూ గొడవే. యాభైల నాటి మాట. చోడవరంలో మా అత్తవారిల్లు, చెరకు వ్యవసాయం. ఇంట్లో ఉండేది నేను, మా ఆయన, మా అత్త, ఒళ్లో పిల్ల. నాకు నోరు ఎక్కువని మా అత్త వీధంతా చెప్పిపెట్టింది. నా గురించి ఆవిడ చెప్పినవాటిలో నిజం అదొక్కటే.

పిల్ల కూర్చోవడం నేర్చింది. మేం అన్నం తింటుంటే మా నోళ్లకేసి చూస్తూ చప్పరించేది. మంచిరోజు చూసి అన్నప్రాశన చేసి, మర్నాటి నుంచి ఉగ్గు మొదలుపెట్టాం. బియ్యం, పెసరపప్పు దోరగా వేయించి, రోట్లో దంచి, జల్లించి డబ్బాలో పోసుకునేవాళ్లం. పొద్దున్నే కాస్త పిండి నీళ్లలో ఉడకబెట్టి, చిటికెడు ఉప్పు, చుక్క నెయ్యి వేసి పెట్టడమే. మొదటి డబ్బా అయిపోయేదాకా పిల్ల గిన్నె లాక్కుని మరీ తిన్నది.

తంటా రెండో డబ్బాతో వచ్చింది. నాలుగు ముద్దలు తిన్నదో లేదో, మూతి చుట్టూ ఎర్రగా పొక్కింది. నేను తుడిచేలోపే మెడ మీదా పొట్ట మీదా దద్దుర్లు లేచాయి. పెదవి వాచింది. తిన్నదంతా కక్కేసింది. గీరుకోవడం చేతకాక నా భుజానికి మొహం రుద్దుకుంటూ ఒకటే ఏడుపు. సాయంత్రానికి అన్నీ దిగిపోయి, ఏమీ ఎరగనట్టు ఆడుకుంది. ఏదో పురుగు ముట్టిందనుకుని మర్నాడు మళ్లీ అదే ఉగ్గు పెట్టాను. మళ్లీ అంతా మొదలు.

మా అత్త ముందు దిష్టి అంది. ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసింది. అయినా తగ్గకపోయేసరికి, “ఇయ్యి బాలపాపసిన్నెలే” అని తేల్చేసింది. పసిపిల్లలకి ఏమొచ్చినా పెట్టే పేరు అది. దానికి మందు వాతలు. వడ్డాది అనే ఊళ్లో వాతలు పెట్టే ముసలామె ఒకావిడ ఉండేది. పసుపుకొమ్ము దీపం మీద కాల్చి పసివాళ్ల బొడ్డు చుట్టూ అంటించేది. ఆవిడకి కబురు వెళ్లిపోయింది.

“ఆదివారం వస్తానందే. నువ్వు అడ్డు తగలకు,” అంది మా అత్త.

గానుగ దగ్గరకి వెళ్లి మా ఆయనతో చెప్పాను. చొక్కా లేకుండా, గోచీ బిగించి బెల్లం పాకం కలుపుతున్నాడు. “అమ్మకి తెలీదేటే? నాకూ పెట్టించింది. బతకలేదేటి?” అని పొట్ట చూపించాడు. బొడ్డు చుట్టూ వెలిసిపోయిన మచ్చలు. పెళ్లయినప్పటి నుంచీ చూస్తున్నవే. ఎందుకు పెట్టించిందని అడిగితే, తెలీదన్నాడు.

ఇక ఆ మనిషితో మాట్లాడి లాభం లేదు. ఆదివారం లోపల పిల్లకి ఏది పడటం లేదో నేనే పట్టుకోవాలి, లేకపోతే దాని పొట్ట మీదా ఆ మచ్చలే. ఉగ్గు మానేసి, మెత్తటి అన్నంలో పెసరపప్పు, నెయ్యి వేసి మెదిపి పెట్టాను. హాయిగా తిన్నది. ఒక్క పొక్కు రాలేదు. అంటే బియ్యంతో తప్పు లేదు, పప్పుతో లేదు, నెయ్యితోనూ లేదు. ఆ డబ్బాలో పిండే పడటం లేదు. మొదటి డబ్బా పిండి పడింది కదా, అవే బియ్యం, అదే పప్పు, దంచిన చెయ్యీ అదే. నాకు బుర్ర తిరిగిపోయింది. పురుగు పట్టిందేమోనని జల్లించి చూశాను, వాసన చూశాను, నాలుక మీద వేసుకుని చూశాను. ఏదో కమ్మదనం తగిలింది గానీ పోల్చుకోలేకపోయాను. ఆ పిండి దూడ కుడితిలో కలిపేశాను.

శనివారం పొద్దున పక్కింటావిడ చిమ్మిలి దంచుకోడానికి మా ఇంటికొచ్చింది. వేయించిన నువ్వులూ కొత్త బెల్లమూ కలిపి దంచి చేసే ఉండలు. గానుగలు ఆడే రోజుల్లో ప్రతి ఇంట్లోనూ అదే సందడి. మా రోలు పెద్దది కాబట్టి చుట్టుపక్కలవాళ్లందరూ మా పెరట్లోనే దంచుకునేవాళ్లు. మా ఇంట్లో మాత్రం చిమ్మిలి చెయ్యరు. మా ఆయనకి నువ్వులు పడవు. చిన్న ముక్క నోట్లో పడినా పెదవులు వాచిపోతాయి. అందుకని మా అత్త ఇంట్లోకి నువ్వుల గింజ రానివ్వదు. వంట కూడా వేరుశెనగ నూనెతోనే. ఆవిడకేమో చిమ్మిలంటే ప్రాణం.

పక్కింటావిడ దంచడం అయ్యాక రోట్లో ఓ ముద్ద వదిలేసి వెళ్లింది. అరువు తెచ్చుకున్న గిన్నె ఖాళీగా తిరిగివ్వం కదా, రోలుకీ అదే మర్యాద. మా అత్త ఆ ముద్ద వేలితో తీసి నోట్లో వేసుకుని, రోలు చీర చెంగుతో తుడిచేసింది. “పిండి అయిపోయిందన్నావు కదేటే? బియ్యం ఏయించుకు రా, దంచీసుకుందాం. రోలు కడగమాకు, పిండి సెమ్మగిల్లిపోద్ది.”

వేయించిన బియ్యం మూకుడు పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. రోలు లోపల రాయి నూనెతో నిగనిగలాడుతోంది. రెండో డబ్బా దంచిన పొద్దున కూడా మాకంటే ముందు దంచుకుని వెళ్లింది ఈవిడే. నాలుకకి తగిలిన ఆ కమ్మదనం ఏమిటో అప్పుడు తెలిసింది.

ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. మగవాడికి ఒక వస్తువు పడదంటే వంటిల్లంతా మారిపోయింది. ఎద్దుకి ఫలానా గడ్డి పడదంటే అదీ నమ్ముతారు. మాటలు రాని పిల్లకి మాత్రం పడకపోవడం అనేది ఉండదు, దిష్టి ఉంటుంది, చిన్నెలు ఉంటాయి. తర్వాతి పిల్లలకి నేను ఏ కొత్త వస్తువైనా ఒక్కటొక్కటిగా, కొంచెం కొంచెంగా, నడుమ కొన్నాళ్లు ఆగి అలవాటు చేశాను. ఒకసారి ఒళ్లు పొక్కించినదాన్ని మళ్లీ పెట్టి చూడలేదు. ఇప్పుడు డాక్టర్లూ అదే చెబుతున్నారు. పెదవి వాచినా, ఊపిరి ఎగబీల్చినా వెంటనే ఆస్పత్రికి పరుగెత్తమంటున్నారు. ఆనాడు మాకు చెప్పే దిక్కు లేదు.

ఆ పూట మా అత్త తిడుతున్నా వినకుండా రోలు కుంచెతో తోమి, కడవలతో నీళ్లు పోసి కడిగి, ఎండలో ఆరబెట్టి, సాయంత్రం పిండి దంచుకున్నాను.

ఆదివారం పొద్దున్నే ముసలామె దిగింది. అరుగు మీద దీపం, పసుపుకొమ్ము సర్దుకుని కూర్చుంది. నేను వాళ్ల ఎదురుగానే పిల్లకి కొత్త పిండితో ఉగ్గు పెట్టాను. అందరం దాని మూతికేసి చూస్తూ కూర్చున్నాం. దీపంలో నూనె తరిగింది గానీ పిల్లకి ఏమీ కాలేదు.

“ఇయ్యాల రాలేదు, రేపొస్తాది,” అంది మా అత్త. “అంతదూరం నుంచి వచ్చిన మనిసి. ఒక్కటి పెట్టించీసుకుందాం.”

పిల్లని గుండెలకి హత్తుకుని లేచాను. “మీ అబ్బాయికి నువ్వులు పడవని ఇంట్లో గింజ ఉంచరు కదత్తా. ఆయన కూతురికి పడకపోతే వాతలా?” రోలు సంగతీ, రెండో డబ్బా సంగతీ ఒక్క ఊపిరిలో చెప్పేశాను. చెబుతుంటే ఏడుపొచ్చింది.

మా అత్త పెరట్లో రోలుకేసి చూసింది. గానుగ నుంచి అప్పుడే వచ్చి కాళ్లు కడుక్కుంటున్న మా ఆయనకేసి చూసింది. చూపు ఆయన పొట్ట మీద ఆగిపోయింది. కాసేపటికి లోపలికెళ్లి చేటలో బియ్యం, వంకాయలు తెచ్చి ముసలామె ఒళ్లో పోసింది. “ఇంకెల్లిరా అమ్మా,” అంది.

తర్వాత కొడుకు దగ్గరకెళ్లి నిలబడింది.

“నీకూ ఇలాగేరా. ఉగ్గు తిన్నప్పుడల్లా మూతి పొక్కీది. ఈ రోట్లోనే దంచేదాన్ని.”

ఆయనకేం అర్థం కాక నాకేసి చూశాడు.

“వాతలెట్టినప్పుడు శానా నొప్పెట్టిందేట్రా?”

“అంత సిన్నప్పటిది నాకేటి గుర్తుంటాదమ్మా?”

“నాకు గుర్తుందిరా,” అంది మా అత్త.