ఇద్దరికీ ఒకటే ఎడమ బూటు

నేను చెప్పేదాంట్లో సగం తీసేసి వినాలని మా ఇంట్లో అందరికీ తెలుసు. నిలబడ్డ బర్రె మీదుగా దూకానని చెప్తుంటాను. చెప్పిన ప్రతిసారీ ఆ బర్రె ఓ జానెడు పెరుగుతుంది. బూట్ల సంగతిలో మాత్రం తీసేయడానికి పెద్దగా ఏమీ లేదు.

డెబ్బైల చివర. కొత్తవాడలో మాది మగ్గాల ఇల్లు. నేనూ, మా మేనత్త కొడుకు, అంటే నాకు బావ, కాలేజీలో హైజంప్ చేసేవాళ్లం, ఉత్త కాళ్లతోనే. ఆ ఏడు జిల్లా జట్టుకు ఎంపిక పెట్టారు. గడ్డం ఎత్తున పెట్టిన కర్రను దాటినవాడికి పోటీలకని హైదరాబాద్ ప్రయాణం. హైదరాబాద్ చూసొచ్చానని నేను అప్పటికే వాడంతా చెప్పేశాను. ఇక నిజంగా చూడటమే మిగిలింది.

బూట్లు కొనుక్కోమని చెప్పి డ్రిల్లు సారు మమ్మల్ని హెచ్చరించాడు. "మెరుస్తున్నయని తేకుండ్రి. తిప్పి సూడుండ్రి. మడమ కింద గూడ మేకులుండాలె. ఎగిరే ముందు బరువంత ఆడనే పడ్తది."

హనుమకొండ దుకాణంలో నా చెయ్యి తిన్నగా ఎర్ర జత మీదికే పోయింది. బావ తిప్పి చూశాడు. మేకులన్నీ ముందువైపే, పరుగు పందేలవాళ్లవి. మడమ మేకులున్నది ఒకే జత, గోనెసంచి రంగుది. ఇద్దరి పాదాలకూ సరిపోయింది. ఎగిరే కాలికే కదా మేకులు కావాలి, తలా ఒకటి తీసుకుందామనుకున్నాం.

"నాది ఎడమ కాలు. నీదేందిరా?" అన్నాడు బావ.

ఏ కాలితో ఎగురుతానో అప్పటిదాకా నేను చూసుకోనే లేదు. "కుడే! మంచి పనికి ఎవడన్న ఎడమ కాలు ముందు పెడ్తడా?"

"నువ్వు జంప్ గొడ్తున్నవా, అత్తగారింట్ల అడుగు వెడ్తున్నవా?"

కుడి బూటు నాదైంది. ఆ వారంలో కర్ర నా నెత్తిన పడని రోజు లేదు.

ఎంపికకు ముందురోజు మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చుని బూటును తిడుతున్నాను. పోగులు సవరిస్తున్న బాపు తలెత్తకుండానే అన్నాడు:

"నీ కాళ్ల కింది తొక్కుడు చెక్కల తాళ్లు సూడు. ఎడమ దిక్కుది నెలకు రెండుసార్లు తెంపుతవు. కుడి దిక్కుది ఎప్పుడు కట్టిన్నో నాకే యాదికి లేదు. నీ బలం యాడున్నదో మగ్గానికి ఎరుకే, నీకే ఎరుక లేదు."

సాయంత్రం గ్రౌండుకు పోయి ఉత్త ఎడమ కాలితో ఎగిరి చూశాను. జారింది గానీ, ఎత్తు వచ్చింది. అటునుంచటే బావ దగ్గరికి పోయాను.

"నీ బూటు నాకు గూడ గావాలె బావా."

"ఇయ్యాల బూటంటవు, రేపు నా లాగుల సగం అడుగుతవు," అన్నాడు. అంటే ఇస్తానని.

మర్నాడు బావ దూకి ఇసుకలో పడటం, అక్కడే బూటు ఊడదీసి నాకు విసరడం, నేను తొడుక్కుని పరుగెత్తడం. కర్ర పక్కన నిలబడ్డ సారు "ఇదేం సర్కస్‌రా?" అంటూనే రాసుకున్నాడు. గడ్డం ఎత్తును బావ రెండోసారికి దాటాడు. నేను రెండుసార్లూ పడగొట్టాను. మూడోదే ఆఖరు. గట్టిగా బిగిద్దామని గుంజితే లేసు పుటుక్కున తెగింది.

"అయిపాయె," అన్నాడు బావ.

సారు నా పేరు పిలిచాడు. తెగిన పోగును అతకడం మా ఇళ్లలో మాటల కన్నా ముందు నేర్పిస్తారు. రెండు కొసలు కలిపి, వేళ్ల మధ్య తిప్పి ముడి వేశాను. రెండోసారి పిలిచేలోపు లేచాను. పరుగెత్తి, ఎడమ మడమ నేలలో దింపి ఎగిరాను. నడుము తగిలి కర్ర ఊగింది. అది ఊగుతున్నంతసేపట్లో నేను లేచి, ఇసుక దులుపుకుని, చాయ్ తాగి వచ్చాను. పడలేదు. చాయ్ ఒక్కటి తీసేయండి, మిగతాదంతా నిజం.

హైదరాబాద్ రైల్లో బావ కుడి బూటును ఒళ్లో పెట్టుకున్నాడు. వారం వాడిందే, ఇంకా కొత్తగానే ఉంది.

"దీన్నేం జేద్దాం బావా?"

"అంత పెద్ద పట్నంల కుడి కాలుతోని ఎగిరెటోడు ఒక్కడన్న దొర్కడా?" అని బావ కిటికీలోంచి తొంగి చూశాడు, వచ్చే స్టేషన్‌లోనే వాడు నిలబడి ఉన్నట్టు.