గిన్నెలు తోమిన గ్రహాంతర జీవి

నిరుడు యరగేరలోని మా ఇంట్లో, ఒక మధ్యాహ్నం మా అత్తమ్మకు పేరున్న పాత సైన్స్ భయానక కథ ఒకటి చదివి వినిపించాను. వేరే లోకం నుంచి వచ్చిన జీవి మనిషిని మింగి, అచ్చం అతని రూపంలోనే అందరి మధ్యా తిరుగుతుంది. కాల్చిన ఇనుము తాకిస్తేనే దాని గుట్టు బయటపడుతుంది. అత్తమ్మ నోరు తెరుచుకుని విన్నది.

మర్నాడు నాకు జ్వరమొచ్చి లేవలేకపోయాను. పెళ్లయిన ఇన్నేళ్లలో తాగిన గ్లాసు కూడా తీయని మా ఆయన, ఏ దేవుడు బుద్ధి పుట్టించాడో, పెరట్లో కూర్చుని గిన్నెలు తోమడం మొదలుపెట్టాడు. అది చూసిన అత్తమ్మ అట్లకాడను మంట మీద ఎర్రగా కాల్చి ఆయన మీదికి వెళ్లింది.

"ఎవడివిరా నువ్వు? నా కొడుకు గిట్ల గిన్నెలు తోమడు! వాన్ని ఏం జేసినవ్?"

నేను గోడ పట్టుకుని అక్కడికి చేరేలోపే అట్లకాడ ఆయన మోచేతికి తగిలింది.

"అమ్మా! దిమాగ్ ఖరాబైందా నీకు? ఆడోళ్ల పని జేసినందుకు నాకు గిదే కావాలె!" అని ఆయన గిన్నె విసిరికొట్టాడు.

ఆ మాట వినగానే అత్తమ్మ, "నా కొడుకే, నా కొడుకే!" అని ఏడుస్తూ ఆయన్ని కావలించుకుంది.

పుండు త్వరగానే మానింది. ఆయన మాత్రం ఇప్పటికీ గిన్నెల దగ్గరికి రాడు. అడిగితే మచ్చ చూపిస్తాడు. గొప్ప కథల ప్రభావం చాలాకాలం నిలుస్తుందంటారు. మా ఇంట్లో ఆ ప్రభావాన్ని నేను రోజూ రెండు పూటలా తోముతున్నాను.