మామిడి సొనా, నా రిక్వైర్‌మెంట్లూ

నలుగురిలో నోరు విప్పలేని నాకు, నలుగురినీ ప్రశ్నలు అడిగే ఉద్యోగం దొరికింది. తిరుపతిలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ. కస్టమర్ దగ్గరికి వెళ్లి వాళ్లకేం కావాలో కనుక్కుని రాసుకురావడం నా పని. వాటినే రిక్వైర్‌మెంట్లు అంటారు. ఇంటర్వ్యూలో నా మౌనాన్ని చూసి, ఈ పిల్ల శ్రద్ధగా వింటోందని భ్రమపడినట్టున్నారు.

రిక్వైర్‌మెంట్లలో రకాలు నాకు కంఠతా వచ్చు. సాఫ్ట్‌వేర్ ఏం చెయ్యాలో చెప్పేవి ఫంక్షనల్. ఆ పనిని ఎంత వేగంగా, ఎంత భద్రంగా, ఎలాంటి చోట చెయ్యాలో చెప్పేవి నాన్ ఫంక్షనల్.

చిత్తూరులో ఒక మామిడి మండీకి తూకాల యాప్ కావాలంటే నన్ను పంపారు. రైతు పేరు, కాయల రకం, తూకం ఫోన్‌లో నొక్కగానే చీటీ రావాలి. మండీ యజమాని చెప్పింది అంతే, నేను రాసుకున్నదీ అంతే. రెండో రకం మాత్రం ఎవరినీ అడక్కుండా సొంతంగా అల్లాను. "తెర కంటికి ఇంపుగా, వాడుకకు సులువుగా ఉండవలెను" అని రాసి, ఆ "ఉండవలెను" దగ్గర కాసేపు మురిసిపోయాను కూడా.

యాప్ తయారైంది. యజమాని చూసి, సరిపోయిందని సంతకం పెడితే నా ఉద్యోగం ఖాయం, పెట్టకపోతే ట్రైనింగ్‌తోనే ఇంటికి అని మేనేజర్ ముందే చెప్పారు.

మండీలో తూకం వేసే ఆయన బొటనవేలితో తెర నొక్కాడు. వేలి నిండా మామిడి సొన. ఫోన్ ఉలకలేదు. లుంగీకి తుడుచుకుని మళ్లీ నొక్కాడు. తోతాపురి రకం నొక్కితే బేనిషా వచ్చింది.

"సొన చేతులతో నొక్కతారని నీకు సెప్పినా గదా మా!" అన్నాడు యజమాని.

"చెప్పలేదు సార్."

"ఏం? గట్టిగా సెప్పు."

సరిగ్గా వేలంపాట ఆగిన క్షణం చూసుకుని గట్టిగా చెప్పాను. మండీ అంతా నా వైపు తిరిగింది.

"సెప్పినా. కాదంటావా, రా, కాణిపాకం పోదాం. వినాయకుడి ముందర ప్రమాణం సెయ్యి, ఆడ్నే సంతకం పెడతా."

"పొయ్యిరా అమ్మణ్ణీ! ఆ సామి ముందర అబద్ధమాడితే ఇంగ యాడికీ పోలేవు" అన్నాడు కాయల గుట్ట పక్కనున్న రైతు. అందరూ నవ్వారు.

వాళ్లకది హాస్యం. నేను మాత్రం నిజంగానే ప్రమాణానికి సిద్ధమైపోయాను. ఆయన చెప్పలేదు, ఆ మాట నిజం. చెయ్యెత్తితే సంతకం, ఉద్యోగం రెండూ నావే. అప్పుడు గుర్తొచ్చింది నా చున్నీ. మొదటిసారి వచ్చినప్పుడు ఆయన నా చేతిలో పెట్టిన కాయ తొడిమ నుంచి సొన కారి చున్నీకి మరకైంది. దాన్ని దాచుకునే పనిలో సగం ప్రశ్నలు మింగేశాను. రిక్వైర్‌మెంట్ వచ్చి నా మీదే కారితే, మడత పెట్టి లోపలికి తోసేసిన మనిషిని నేను.

"ప్రమాణం చేస్తా సార్. మీరు చెప్పలేదు. కానీ నేనూ అడగలేదు. ఆ మాట గూడా ఆడ చెప్పాల్సొస్తాది."

యజమాని నన్ను ఎగాదిగా చూశాడు. "అట్లయితే ఇప్పుడడుగు."

నేను కంఠతా పట్టిన ప్రశ్నల్లో ఒక్కటీ గుర్తుకు రాలేదు. "ఇక్కడ చేతులు ఎప్పుడు శుభ్రంగా ఉంటాయి సార్?" అన్నాను.

"కాయల కాలం అయిపోయినాక!" అన్నాడు తూకం వేసే ఆయన. ఈసారి నేనూ నవ్వాను. ఆ తర్వాత ప్రశ్నలు వాటంతటవే వచ్చాయి. కంటికి ఇంపని తెర మీద నేను పెట్టించిన లేత బూడిదరంగు అక్షరాలు ఎండలో ఎవరికీ కనబడవనీ తెలిసింది.

సంతకం దొరకలేదు. తిరుపతి బస్సులో ఉండగా మేనేజర్ ఫోన్ చేశారు.

"అయిందా మా?"

"కాలేదు సార్. పాత డాక్యుమెంట్ పనికిరాదు. కొత్తది రాయాల."

"ఏం మా, ఈ పొద్దు ఇంత గట్టిగా మాట్లాడతా ఉండావు?"

చూస్తే కండక్టర్ కూడా నన్నే చూస్తున్నాడు. వెంటనే గొంతు తగ్గించి, నా ఉద్యోగం ఉన్నట్టా, పోయినట్టా అని అడిగాను.

"ఏం? వినబడలా."

"ఏం లేదు సార్" అన్నాను.