మాస్టారి పేస్‌మేకర్

ఇరవై ఏళ్లుగా నేను మోస్తున్న బరువు అగ్గిపెట్టెంత ఉంటుంది. మా ఆవిడకి కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను.

అప్పట్లో రాజమండ్రిలో ఒక గుండె ఆసుపత్రిలో టెక్నీషియన్‌ని. పేస్‌మేకర్ అంటే తెలుసుగా, గుండె మందగించినప్పుడు తట్టి నడిపించడానికి చర్మం కింద పెట్టే చిన్న యంత్రం. అది ఉన్న మనిషి పోతే దహనానికి ముందు తీసేయాలి. లేకపోతే మంటలో పేలుతుంది. ఆ తీసే పని నాది.

పాలకొల్లు నుంచి వచ్చే లెక్కల మాస్టారు ఒకాయన, అది పెట్టించుకున్న ఎనిమిది నెలలకే పక్షవాతం వచ్చి మా దగ్గరే పోయారు. తీసి చూస్తే బ్యాటరీ ఇంకా ఏళ్ల తరబడి పనిచేసేలా ఉంది. అదే వారం జనరల్ వార్డులో మార్తమ్మ ఉంది. రావులపాలెం దగ్గర అరటితోటల్లో కూలి. రోజుకి రెండుసార్లు కళ్లు తిరిగి పడిపోయేది. యంత్రం కొనుక్కునే దారి లేదు. నేనేం ఆలోచించాను? అసలు ఆలోచించానా?

మాస్టారి కొడుకు వచ్చాడు.

"అది ఇటివ్వండి. అస్థికలతోపాటు గోదారిలో కలిపేస్తామండి. ఆయన ఒంట్లో ఉన్నదే కదండీ."

సొరుగులో బ్యాటరీ అయిపోయిన పాతది ఒకటి పడి ఉంది. దాన్ని తెల్లగుడ్డలో చుట్టి ఇచ్చాను.

"నాన్నగారిదేనాండీ?"

"ఆయనదేనండి."

కళ్లకద్దుకుని తీసుకెళ్లాడు.

డాక్టరుగారితో, వాళ్లు దానమిచ్చారని చెప్పాను. మార్తమ్మతో, కంపెనీవాళ్లు ఊరికే ఇచ్చిన కొత్తదని చెప్పాను. శుభ్రం చేయించి ఆవిడకి పెట్టారు. ఆరేళ్లు బతికింది. చెకప్‌కి వచ్చినప్పుడల్లా చక్కెరకేళీ అరటిపళ్ల అత్తం ఒకటి నా బల్ల మీద పెట్టి, నా పేరున ప్రార్థన చేయిస్తున్నానని చెప్పేది. ఆ పళ్లు తిన్నాను. తియ్యగానే ఉండేవి.

మంచిపనే అయితే ఎందుకు దాచాను? తప్పే అయితే, ఆవిడ మనవరాల్ని చంకనేసుకుని వచ్చిన రోజు నాకెందుకంత సంతోషం? అడిగితే ఆ కొడుకు ఇచ్చేవాడేమో. కాదంటాడని భయపడి అడగలేదని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను గానీ, ఆవిడని బతికించింది నేనొక్కణ్ణే అనుకోవడం నాకిష్టమై కూడా అడగలేదేమోనని ఈమధ్య అనుమానంగా ఉంది. ఏమో. తేల్చుకోలేకపోతున్నాను.

మార్తమ్మని వాళ్ల సమాధుల తోటలో పూడ్చారు. పూడ్చేవాళ్లు తీయించనక్కర్లేదు. మాస్టారిది ఆవిడతోపాటే మట్టిలో ఉంది. కొడుకు ఏటా తండ్రి తిథినాడు గోదావరిలో దిగి నీళ్లు వదులుతాడని విన్నాను. ఆ నీళ్లలో ఉన్నది ఎవరిదో నాకు తెలియదు. ఇచ్చేటప్పుడు దాని మీదున్న చీటీ కూడా చదవలేదు.

క్షమించమని ఎవర్నీ అడగడం లేదు. ఆ రోజు అనవలసిన ఒక్క మాట పైకి అనాలని ఉంది, అంతే.

అది ఆయనది కాదండి.