నీలి వైరు మీద బొంత

రెండు వేల అయిదు, ఆరు ప్రాంతంలో మా మేడ్చల్ ఇంటికి ఇంటర్నెట్ మిద్దె మీది నుంచి వచ్చేది. కేబులాయన పక్కింటి మీది నుంచి నీలం వైరు లాగి, మా మిద్దె మీద రెండు ఇనుప చువ్వలకు బిగించి, కిటికీలోంచి నా కంప్యూటరుకు దించాడు. ఎక్కడో అమెరికాలో డాక్టర్లు చెప్పింది విని టైపు చేసి పంపడం నా పని. నెల రోజులు చూస్తామనీ, ఒక్క పూట పని ఆగినా ఇంటికి పంపిస్తామనీ కంపెనీ వాళ్ళు ముందే చెప్పారు. నేను ఉన్నదే ఇంట్లో, ఇంకెక్కడికి పంపుతారో! కానీ ఆ కొలువు పోతే మళ్ళీ దొరకదనే భయం మాత్రం ఉండేది.

ఒక పొద్దున పని మధ్యలో నెట్ ఆగిపోయింది. మిద్దెక్కి చూస్తే వైరు తెగి కింద పడి ఉంది, దాని మీద తడి బొంత. పక్కనే అవ్వ, మా నాయిన వాళ్ళమ్మ, చేతిలో ఇంకో దుప్పటి.

"ఏం జేసినవే అవ్వా! నా కొలువు ముంచినవ్ గదనే!"

"మొత్తుకుంటవేందే? నాకు దండెం కట్టిచ్చినవనుకున్న. ఎన్నేండ్లసంది అడుగుతున్న? ఇగ ఇప్పటికన్న నా మాట ఇన్నరనుకున్న."

ఆవిడ అడగడం నిజమే. పిట్టగోడ మీద ఆరేసిన చీరలన్నీ గాలికి వీధిలో పడేవి. అయినా నా కోపం తగ్గలేదు.

కేబులాయన వచ్చి పెదవి విరిచాడు. "లోపలి తీగెలు తెగినయక్కా, అతుకేస్తే నిలువది. గోడల పైపుల నుంచి గుంజుదామంటే సిమెంటు కూసుంది. కొత్త వైరొచ్చేదాంక జర ఆగాలె."

ఆగితే కొలువుండదే! బస్టాండు దగ్గరి నెట్ సెంటరుకు పరుగెత్తి, డాక్టర్ల మాటలున్న పెద్ద ఫైళ్ళు పెన్‌డ్రైవులో నింపుకొచ్చాను. టైపు చేసింది చిన్న ఫైలే కదా, ఇంట్లో ఫోను వైరు కంప్యూటరుకు తగిలిస్తే ఆ లైను మీదే కుయ్యో మొర్రో అంటూ వెళ్ళేది. ఆ సమయంలో ఎవరైనా ఫోను ఎత్తితే మాత్రం మళ్ళీ మొదటికి. అందుకని అవ్వ ఫోను ముందు పీట వేసుక్కూర్చుంది. మా నాయిన చెయ్యి పెట్టబోతే కసిరింది. "ముట్టకురా! పిల్ల కొలువు పోతది!"

కొలువు నిలిచింది. కొత్త వైరును ఈసారి గోడ వెంట, బయట బిగించిన కొత్త పైపులోంచి తెచ్చారు. కేబులాయన పాతది చుట్టుకుని పోబోతే లాక్కున్నాను. మూడు పేటలుగా పేని ఆ చువ్వలకే కట్టాను.

అవ్వ చాలాసేపు దాన్ని ముట్టుకోలేదు. ఆ తరువాత కూడా, చీర ఆరేసే ముందు ప్రతిసారీ మిద్దె మీది నుంచి కేకేసేది.

"బిడ్డా, చీర ఏస్తున్న. నీ పనికేం గాదు గదా?"

"ఏం గాదవ్వా. అది నీ దండెమే."